శ్రీ ఇటుక గారి సముఖమునకు

ప్రభుత్వం అక్కర్లేకుండా మనుషులు ఒకరికొకరు ఆసరాగా బతకగలరని జర్మనీలో ఒక తత్త్వవేత్త ఏనాడో రాశాడట. ఆయన రాసి వెళ్లిపోయాడు. సంగతి మా ప్రభుత్వానికి మొన్న జనవరిలో తెలిసింది. తెలిసిన పన్నెండో రోజున, ప్రభుత్వం లేకుండా బతకడాన్ని పర్యవేక్షించడానికి ఒక ప్రభుత్వ శాఖ ఏర్పాటయింది.

తెలియడం వెనక చిన్న కథ ఉంది. ముఖ్య కార్యదర్శి చక్రపాణి గారు మురుగుకాల్వల అధ్యయనం కోసం జర్మనీ వెళ్లారు. అక్కడ వాన పడింది. ఓ పుస్తకాల షాపులో తలదాచుకున్నారు. వాన వెలిశాక ఊరికే బయటకు రావడానికి మొహమాటపడి, ఇంగ్లీషులో ఉన్నవాటిలో సన్నటి పుస్తకం ఒకటి కొన్నారు. తిరుగు విమానంలో ఆయన సీటు ముందున్న టీవీ పనిచెయ్యలేదు. గత్యంతరం లేక చదివారు.

సర్కారంటే భవనమూ కాదు, కుర్చీ కాదు, మనుషులు ఒకరితో ఒకరు మసలుకునే ఒక తీరు మాత్రమేనని అందులో ఉందట. ఆ తీరు మార్చుకుని, పక్కవాడి మంచీచెడ్డా పక్కవాడే చూసుకుంటే సర్కారుకి పనే ఉండదట. ఇంకెవరైనా అయితే తన ఉద్యోగం గురించి కంగారుపడేవాళ్లు. చక్రపాణి గారు అసలు సిసలైన అధికారి. సర్కారుకి పని లేకుండా పోతే, ఆ పని లేకపోవడం సక్రమంగా జరుగుతోందో లేదో చూడ్డానికి మనుషులు కావాలి కదా అని ఆలోచించారు. ఆ మనుషుల్లో నేనొకణ్ణి.

నా పేరు జగ్గారావు. తూనికలు కొలతల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా ప్రశాంతంగా ఉన్నవాణ్ణి తెచ్చి ‘స్వచ్ఛంద అరాజక సమాజాభివృద్ధి శాఖ’ జిల్లా కార్యాలయంలో వేశారు. కార్యాలయం పశువుల ఆసుపత్రి మేడమీద. మొత్తం పద్నాలుగు మందిమి. సూపరింటెండెంటు త్రినాథరావు గారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన ఏ ప్రశ్నకీ సూచిక సంఖ్య లేకుండా జవాబు చెప్పి ఎరగరు. ‘భోజనం చేశారా’ అన్నా ఒక్క క్షణం ఆగి, తన మీదకి ఏమీ రాదని ఖాయం చేసుకున్నాకే తలూపుతారు.

వచ్చిన మొదటి ఉత్తర్వు ఇది: ‘మార్చి ముప్పై ఒకటిలోగా ప్రతి జిల్లాలోనూ ఒక ప్రభుత్వరహిత సమాజాన్ని గుర్తించవలెను. సదరు సమాజం ఎవరి ప్రోద్బలమూ లేకుండా తనంత తానుగా ఏర్పడినదై ఉండవలెను. గడువులోగా తనంత తానుగా ఏర్పడని పక్షంలో సంబంధిత సిబ్బందిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును.’

నెల రోజులు తిరిగాం. ఉదయపు నడక సంఘానికి వెళ్తే ఒక అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, నడవలేని ఒక గౌరవాధ్యక్షుడు ఉన్నారు. సినిమాహాలు వెనక పేకాడేవాళ్లు నలుగురే కదా, వాళ్లకి నాయకుడేమిటి అనుకున్నాం. ఆ నలుగురిలో ఇద్దరు మాజీ అధ్యక్షులు. మన దేశంలో ముగ్గురు కలిస్తే కార్యవర్గమూ, నలుగురు కలిస్తే అసమ్మతి వర్గమూ పుడతాయని నాకప్పుడు అర్థమైంది.

మార్చి ఇరవై ఏడున తెల్లవారుతూనే పాలకోసం కంచరివీధి మీదుగా వెళ్తున్నాను. మునిసిపాలిటీ కొళాయి దగ్గర ఒక్క మనిషి లేడు గానీ, పెద్ద వరస ఉంది. ముందు ఒక ఇటుక. దాని వెనక ఒక ఎడమకాలి చెప్పు. తర్వాత సైకిల్ సీటు, సొట్ట మూకుడు, పిడి లేని గొడుగు... మొత్తం పదకొండు. అన్నీ బడిపిల్లల్లా బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. అంతలో ఎదురింట్లోంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ బయటకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఆమె సన్యాసమ్మ.

“ఇవేంటమ్మా?” అన్నాను.

“మావే.”

“మీవంటే?”

“మావంటే మావే బావూ. ఆ ఇటిక నాను. ఆ సెప్పు పారమ్మ. సైకిల్ సీటు రావులమ్మ. నీల్లొచ్చీదాకా మాము ఇంట్లో పని సూసుకుంతాం. అవి నిలబడతాయి.”

“ఎవరైనా జరిపేస్తే?”

“ఎందుకు జరిపీత్తారు?” అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

“మీ సంఘానికి అధ్యక్షురాలెవరు?”

“అదేటి రోగం బావూ?”

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. పాలు మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. అయిదున్నరకి కొళాయి బుస కొట్టగానే పదకొండు తలుపులు తెరుచుకున్నాయి. ఎవరి వస్తువు దగ్గరకి వాళ్లు వచ్చారు. ఒక్క మాట పెరగలేదు. సన్యాసమ్మది ఎప్పుడూ మొదటి చోటేనట. ఎందుకంటే ఆవిడ చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి అమ్ముతుంది. ఏడింటికల్లా రెండు కుండలూ గంటస్తంభం దగ్గర కూలీల అడ్డాకి చేరాలి. ఏడున్నరకి లారీలొచ్చి కూలీలను ఎక్కించుకుపోతాయి. ఆ తర్వాత అంబలి ఉన్నా తాగేవాళ్లు ఉండరు. అందుకని మిగతా పదిమందీ ఆవిణ్ణి ముందు ఉంచారు. ఉంచాలని ఎవరూ తీర్మానించలేదు. అలా ఉంచారు, అంతే.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పాలు కొనుక్కుని ఇంటికి పోవాల్సినవాణ్ణి, నేరుగా త్రినాథరావు గారింటికి పరిగెత్తాను. నా జీవితంలో నేను చేసిన వెధవ పనుల్లో దీన్నే మొదటిదిగా రాసుకున్నాను.

మర్నాడే చక్రపాణి గారు మూడు కార్లలో దిగారు. వరసను చూసి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు!” అన్నారు. “దీన్ని వెంటనే కాపాడాలి.”

కాపాడ్డం మొదలైంది. నేను తూనికలు కొలతల వాణ్ణి కాబట్టి పదకొండు వస్తువుల పొడవు, వెడల్పు, బరువు నేనే తీశాను. అవి గెజిట్‌లో అచ్చయ్యాయి. వాటి క్రమం మార్చరాదు, కొత్తది చేర్చరాదు, ఉన్నది తీయరాదు. కాపలాకి ఒక హోంగార్డుని వేశారు. ఆడవాళ్లందరి చేతా ‘నన్నెవరూ చెయ్యమనలేదు’ అనే స్వీయ ధ్రువీకరణ పత్రం మీద వేలిముద్రలు వేయించాం. అందులో సాక్షి సంతకం దగ్గర ‘చెయ్యమనని వ్యక్తి పేరు, హోదా’ అని ఉంది. పదకొండింటిలోనూ త్రినాథరావు గారే సంతకం పెట్టారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇలాంటి సమాజానికి ఒక అధిపతి ఉండాలని సర్వీసు నిబంధనలు. ఉండకూడదని జర్మనీ పెద్దాయన. అధిపతి పేరు లేని ఫైలుని పై కార్యాలయం తీసుకోదు. త్రినాథరావు గారు మూడు రోజులు అన్నం సహించక తిరిగారు. చివరికి చక్రపాణి గారే ఫోనులో పరిష్కారం చెప్పారు.

“మనిషి మీద మనిషి పెత్తనం ఉండకూడదన్నాడయ్యా ఆయన. మనిషి కానిదానికి పదవి ఇవ్వొద్దని ఎక్కడన్నాడు? వరసలో మొదట ఉన్నదేది?”

“ఇటుకండి.”

“సీనియారిటీ ప్రకారం వెళ్లండి.”

సాయంత్రం జీపులో వెళ్లి ఇటుకని తెచ్చాం. కడిగి, మా కార్యాలయం లోపలి గది కుర్చీలో ఎర్ర మఖ్మల్ దిండు వేసి, దానిమీద ఉంచాం. తలుపు మీద ‘శ్రీ ఇటుక, ప్రత్యేకాధికారి’ అని బోర్డు. బయట బంట్రోతు. లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విడవాలా వద్దా అన్నదానిమీద స్పష్టత కోరుతూ పైకి రాశాం.

మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ చూసుకుంటే మొదటి చోటు ఖాళీగా ఉంది. ఇంకో ఇటుక తెచ్చి పెట్టింది. హోంగార్డు తీసేశాడు. గెజిట్‌లో ఇటుక తొమ్మిది అంగుళాలు, ఇది ఎనిమిదిన్నర. పోనీ వెనకాల నిలబడదామంటే, వస్తువు లేని మనిషి వరసలో లేనట్టే లెక్క. పది గంటలకి మా కార్యాలయానికి వచ్చింది.

“బావూ, నా ఇటిక ఇచ్చీండి.”

త్రినాథరావు గారు నొచ్చుకున్నారు. “అమ్మా, ‘నా ఇటిక’ అనకూడదు. ప్రత్యేకాధికారి గారు.”

“అలగే. మరి నానెక్కడ నిలబడాల?”

“మీ స్థానం ఎక్కడికీ పోలేదు. పదోన్నతిపై కార్యాలయానికి మారింది. మీరు గర్వపడాలి.”

“నీల్లు ఇక్కడికొత్తాయేటి?”

“నీటి సరఫరా మునిసిపల్ శాఖ పరిధిలోని అంశం. మీరు కొత్త వస్తువును చేర్చదలిస్తే మూడు ప్రతుల్లో దరఖాస్తు చేసుకోండి. ప్రత్యేకాధికారి గారు సంతకం చేస్తే వెంటనే అమల్లోకి వస్తుంది.”

సన్యాసమ్మ తలుపు సందులోంచి లోపలికి చూసింది. మఖ్మల్ దిండు మీద ఇటుక ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది.

“ఇటిక సంతకం ఎలగెడతాది బావూ?”

“అధికారి గారి పనితీరును ప్రశ్నించే హక్కు దరఖాస్తుదారుకు లేదు.”

“ఇదంతా ఎవులు సెప్పినారు?”

“జర్మనీలో ఒక మహానుభావుడు.”

ఆవిడ తలుపు సందులోంచి ఇటు తిరిగి అడిగింది. “ఆ జర్మనీ బావుకి నీల్లు ఎవులు తెచ్చీవోరు?”

త్రినాథరావు గారి దగ్గర దానికి సూచిక సంఖ్య లేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏదో చెయ్యాలని, ఆవిడ దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ‘శ్రీ ఇటుక గారి సముఖమునకు, కంచరివీధి సన్యాసమ్మ మిక్కిలి వినయంతో వ్రాసుకున్న విన్నపము...’ తీసుకెళ్లి దిండు ముందు పెట్టి, అలవాటుకొద్దీ నమస్కారం కూడా పెట్టి వచ్చాను. పెట్టాక నా చేతులకేసి నేనే అసహ్యంగా చూసుకున్నాను.

న్యాయంగా చెప్పాలంటే ఇటుక గారు మంచి అధికారి. ఉదయం పదికి కుర్చీలో ఉండేవారు, సాయంత్రం అయిదుకీ ఉండేవారు. ఒకరిని తిట్టగా వినలేదు. బంధువులెవరినీ ఉద్యోగాల్లో వేయించలేదు. ఒక కాంట్రాక్టరు లోపలికెళ్లి గంటసేపు తన గోడు చెప్పుకుని, కళ్లొత్తుకుంటూ బయటకొచ్చాడు. “ఇంత ఓపిగ్గా విన్న ఆఫీసర్ని నా జన్మలో చూళ్లేదండి,” అన్నాడు. పైకి పంపిన రహస్య నివేదికలో త్రినాథరావు గారు ఇలా రాశారు: ‘మితభాషి. స్థిరచిత్తులు. ఎటువంటి ఒత్తిళ్లకూ లొంగరు.’

అంతకంటే పెద్ద సుగుణం ఇంకోటుంది. సెలవులకీ, క్యాంపులకీ ‘వారంలోగా అభ్యంతరం తెలపనిచో ఆమోదించినట్లే’ అని నిబంధన. మా పద్నాలుగు మందికీ అడిగిన సెలవల్లా దొరికింది. టైపిస్టు ఊటీ వెళ్లొచ్చాడు. త్రినాథరావు గారు అరాజకత్వ అధ్యయనం నిమిత్తం సతీసమేతంగా కాశీ వెళ్లొచ్చారు. కొత్త వస్తువు చేర్చడానికి మాత్రం సంతకం తప్పనిసరి. కాబట్టి అధికారి గారి పాలనలో ఆగిపోయింది సన్యాసమ్మ కాగితం ఒక్కటే.

కంచరివీధి ఆడవాళ్లు ఊరుకోలేదు. పారమ్మ తన బిందె పక్కకి లాగి సన్యాసమ్మ బిందెలు కొళాయి కింద పెట్టించింది. హోంగార్డు రాసుకున్నాడు. మూడో రోజున పారమ్మకి తాఖీదు వెళ్లింది. ఆవిడ దాన్ని నా దగ్గరకే తెచ్చి చదవమంది.

“ ‘ఏప్రిల్ తొమ్మిది ఉదయం అయిదూ నలభైకి తాము సన్యాసమ్మ అను వ్యక్తిని నీళ్లు పట్టుకొమ్మని పిలిచినట్లు తెలియవచ్చినది. ఒకరు చెప్పగా మరొకరు చేయుట నాయకత్వము కిందకు వచ్చును. తాము నాయకురాలు కారని వారం రోజులలోగా ఋజువు చేసుకొనవలెను.’ ”

పారమ్మ అంతా విని అడిగింది. “ఇది దీవెనా, తిట్టా?”

నాకూ తెలియదని చెప్పాను. ఆ రోజు నుంచీ ఎవరైనా తమ వంతు సన్యాసమ్మకి ఇస్తే హోంగార్డు ఆ బిందెని లాగి పక్కన పెట్టెయ్యడం మొదలెట్టాడు. సన్యాసమ్మకి అందరి వంతులూ అయ్యాక, కొళాయి దారంలా సన్నబడ్డాక నీళ్లు దొరికేవి. అంబలి కాగేసరికి ఎనిమిది. ఒకరోజు నేను గంటస్తంభం మీదుగా ఆఫీసుకి వెళ్తుంటే ఖాళీ అడ్డాలో రెండు నిండు కుండల మధ్య కూర్చుని ఉంది. కూలీలు ఖాళీ కడుపులతో లారీలెక్కి వెళ్లిపోయారు. నన్ను చూసి తిట్టలేదు. గ్లాసు కడిగి అంబలి పోసింది. “పారబోసీడం కన్నా నయం గదా, తాగు బావూ,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం అయిదున్నరకి కొళాయి బుస కొట్టింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చెప్పు, సైకిల్ సీటు, మూకుడు, గొడుగు ఎక్కడివక్కడే బుద్ధిగా ఉన్నాయి. నీళ్లు నేరుగా కాల్వలోకి పోయాయి. కొళాయి కట్టెయ్యడానికి హోంగార్డుకి అధికారం లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణులను వెంటబెట్టుకుని చక్రపాణి గారు వచ్చారు. త్రినాథరావు గారికి ముచ్చెమటలు పట్టాయి. సమాజం ఉంది గానీ అందులో మనుషుల్లేరని ఎలా చెప్పడం? చెప్పే పనే పడలేదు. చక్రపాణి గారు వరసని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, చేతులు రెండూ పైకెత్తారు.

“చూశారా! మొదట ప్రభుత్వం అనవసరమైంది. ఇప్పుడు ప్రజలు కూడా అనవసరమయ్యారు. తత్త్వవేత్త సైతం ఇంత దూరం ఊహించలేదు!”

నిపుణులు రాసుకున్నారు. ఒకాయన గొడుగుతో ఫొటో తీయించుకున్నాడు. వారంలోగా ఉత్తర్వులొచ్చాయి. కంచరివీధి రాష్ట్రంలోకెల్లా సంపూర్ణ సమాజం. శ్రీ ఇటుక గారికి రాష్ట్ర కమిషనరుగా పదోన్నతిపై రాజధానికి బదిలీ. వారి వెంట రైలులో ఏసీ బోగీలో త్రినాథరావు గారు. వ్యక్తిగత సహాయకుడిగా నేను. నాకూ ఒక మెట్టు పెరుగుతుందట.

సన్యాసమ్మ దరఖాస్తు ఏమవుతుందని అడిగాను.

“అధికారి గారితో పాటు వెళ్తుంది. అక్కడ తాజాగా పరిశీలిస్తారు,” అన్నారు త్రినాథరావు గారు.

నేను ఇంటికొచ్చి, రాజధాని ప్రయాణం తప్పించుకోవడానికి ఇటుక గారికి సెలవు చీటీ రాశాను. వారం గడిచింది. అభ్యంతరం తెలపలేదు.

ఈ లోగా, కాల్వపాలవుతున్న నీళ్లతో ఊరి ట్యాంకు అడుగంటింది. మా క్వార్టర్స్‌లో కొళాయిలు ఎండిపోయాయి. కంచరివీధి వాళ్లు మాత్రం కడిగిన వాకిళ్లతో, తడి ముగ్గులతో ఉన్నారు. నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయని మా పాలవాణ్ణి అడిగాను. కబేళా వెనక ఏడేళ్లుగా పాడై పడున్న బోరింగుని బాగు చేసుకున్నారన్నాడు. ఎవరు చేశారంటే అందరూ అన్నాడు. సైకిల్ షాపతను పాత ట్యూబుతో వాషరు కోసిచ్చాడట. రావులమ్మ మొగుడు గొట్టం ఎత్తి పట్టుకున్నాడట. గంటస్తంభం దగ్గర అంబలి కుండలు మళ్లీ ఏడింటికే దిగుతున్నాయట.

మర్నాడు తెల్లవారకముందే బిందె పట్టుకుని వెళ్లాను. వరస ఉంది. ఇటుక లేదు, చెప్పు లేదు. మనుషులే నిలబడ్డారు. నన్ను చూడగానే పారమ్మ కొంగు దోపుకుంది.

సన్యాసమ్మ నా చేతులకేసి చూసింది. “కాయితం ఏటైనా తెచ్చినావా బావూ?”

“లేదమ్మా.”

“టేపు?”

“లేదు.”

“అయితే పారమ్మ ఎనకాల నిలబడు.”

నిలబడ్డాక తెలిసింది అక్కడి తీరు. బోరింగు ఎవరికి వాళ్లు కొట్టుకోరు. ముందున్నవాళ్ల బిందెకి వెనకున్నవాళ్లు కొట్టాలి. పారమ్మ బిందె పెట్టింది. నేను కొట్టాను. ఆఫీసు కుర్చీలో పెరిగిన ఒళ్లు, పది దెబ్బలకే ఆయాసమొచ్చింది. ఆడవాళ్లు నవ్వారు. పారమ్మ బిందె నిండింది, ఎత్తుకుని వెళ్లిపోయింది. నా వంతు వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. వరసలో నేనే ఆఖరు. నాకు కొట్టేవాళ్లు లేరు.

ఖాళీ బిందెతో అక్కడే నిలబడిపోయాను. నాకు తగిన శాస్తే అనుకున్నాను.

సన్యాసమ్మ అప్పటికే రెండు నిండు బిందెలతో దారి పట్టింది. అవతల పొయ్యి వెలిగించాలి, ఏడింటికి అడ్డాలో ఉండాలి. నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. బిందెలు రెండూ దించింది. చుట్టూ తిరిగొచ్చి, నా వెనక నిలబడి, చెయ్యి చాచి బోరింగు పట్టుకుంది.

“ఆఖరోళ్లకి ఎవరు కొట్టాలమ్మా? దానికి పద్ధతి ఏమిటి?” అన్నాను. ఎంతైనా గుమాస్తా నోరు.

“పద్దతేటి బావూ,” అంది సన్యాసమ్మ, మొదటి దెబ్బ కొడుతూ. “బిందె సరిగ్గా ఎట్టు, నీల్లు ఒలికిపోతన్నాయి.”